మీసాలు లేని మనిషి

(కార్గిల్ విజయ్ దివస్ నాడు నల్లగొండ జిల్లా మునుగోడు ప్రాంతంలోని ఒక ఉన్నత పాఠశాలలో, కార్గిల్ యుద్ధంలో చనిపోయిన ఆ ఊరి జవాను విగ్రహాన్ని ఆవిష్కరించిన సభలో, విశ్రాంత సాంఘికశాస్త్ర ఉపాధ్యాయుడు ఒకరు చేసిన ప్రసంగ పాఠం. ఆయన మాట్లాడిన తీరును వీలైనంత వరకు అలాగే ఉంచాం.)

అందరికీ నమస్కారం. సర్పంచ్ గారికి, హెడ్‌మాస్టర్ గారికి, ముందు వరుసలో కూర్చున్న అమ్మకు, వాళ్ల పెద్దబ్బాయికి నమస్కారం. పిల్లలూ, మీరు ఎండలో ఉన్నారు. ఆ వేపచెట్టు కిందికి జరగండి. వరుస తప్పినా ఈ రోజు ఎవరూ ఏమనరు.

ఇందాక విగ్రహం మీద గుడ్డ తీశారు. చప్పట్లు కొట్టాం, జిందాబాద్ కొట్టాం. నేను అమ్మ పక్కనే నిలబడ్డాను. ఆమె విగ్రహం వంక కాసేపు చూసి, నా దిక్కు వంగి మెల్లగా అడిగింది. "మావోనికి మీసాలు ఎక్కడియి సారూ?"

నేను మళ్లీ చూశాను. నిజమే. విగ్రహానికి రెండు పక్కలా మెలితిప్పిన మీసాలున్నాయి. వానికి మీసం లేదు. సన్నగా నూగు వస్తుండేది, దాన్నీ గీయించుకునేవాడు. శిల్పిని ఏమీ అనలేం. మనం అతనికిచ్చింది ఒక పాస్‌పోర్టు సైజు ఫొటో, అదీ జిరాక్సు. జవాను అంటే మీసం ఉండాలి కదా అని అతను అనుకున్నాడు. అసలు తప్పు నాది. విగ్రహం కమిటీలో నేనూ ఉన్నాను. మట్టి నమూనా చూసి రమ్మని నన్నే పంపారు. వెళ్లాను, చూశాను, బాగుందన్నాను, అతనిచ్చిన చాయ్ తాగి వచ్చాను. ఆ మీసాలు చూసి నాకు అనుమానమే రాలేదు. అయిదేళ్లు నా ముందు కూర్చున్న పిల్లగాని ముఖం నాకు గుర్తు లేదు, చదువు రాని తల్లికి గుర్తుంది.

అందుకే రాసుకొచ్చిన ప్రసంగాన్ని జేబులోనే ఉంచుతున్నా. దాంట్లో 'త్యాగం' అనే మాట ఏడుసార్లు ఉంది. ఇప్పుడే లెక్కపెట్టుకున్నా. (నవ్వులు)

దానికి బదులు నాకు నేను ఒక షరతు పెట్టుకుంటున్నా. నేను మాట్లాడినంతసేపు వాని పేరు చెప్పను. పేరు గేటు మీద ఉంది, ఫ్లెక్సీ మీద ఉంది, విగ్రహం కింద చెక్కి ఉంది. ఆ ఫ్లెక్సీ ఒకసారి చదవండి. "దేశం కోసం ప్రాణాలర్పించిన వీర జవానుకు జోహార్లు." అందులో పేరు మార్చి పక్క ఊళ్లో కట్టినా సరిపోతుంది, పంజాబులో కట్టినా సరిపోతుంది. నేను పేరు చెప్పకుండా చెప్పేది విని, "అవును, ఇది వాడే" అని మీకు అనిపించాలి. అనిపించకపోతే నాకు గుర్తున్నది మనిషి కాదని లెక్క.

'వాడు' అంటున్నానని ఏమీ అనుకోకండి. అమరుణ్ణి అట్లా అంటారా అని ఒకాయన ఒకసారి నన్ను తప్పుబట్టాడు. నాకు వాడు మూడో బెంచి, కిటికీ పక్క. లెక్కల్లో 36 మార్కులు. ఇప్పుడు గారు తగిలిస్తే నాకే ఎవరి గురించి మాట్లాడుతున్నానో తెలియదు.

మన నీళ్ల సంగతి మీకు చెప్పేదేముంది. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, నారాయణపూర్, మనం. లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటారు. మన బోర్లు ఎన్నో ఆ గీత ఎప్పుడో దాటేశాయి. పటిక, సున్నం వేసి ఆ నీళ్లను బాగుచేసే పద్ధతికి శాస్త్ర పుస్తకాల్లో 'నల్గొండ టెక్నిక్' అని పేరు. నాగపూర్‌లోని నీరి సంస్థ తయారుచేసింది. ఎక్కడో ఆఫ్రికా దేశాల్లో కూడా ఆ పేరుతోనే వాడారు. మన జిల్లా పేరు ప్రపంచానికి అట్లా తెలిసింది.

వాని పండ్లకు గార. గోధుమరంగు చారలు. చెయ్యి అడ్డం పెట్టుకొని నవ్వేవాడు. ఫొటో అంటే మూతి బిగపట్టేవాడు. మనం శిల్పికిచ్చిన ఆ పాస్‌పోర్టు ఫొటోలో కూడా అంతే. శిల్పి ఆ మూతి చూసి పౌరుషం అనుకున్నాడు. అది గార పండ్లు దాచుకున్న మూతి.

వాళ్ల అన్న ఇక్కడే ఉన్నాడు. ఆయన కాళ్లు ఎందుకు అట్లా ఉన్నాయో మీకు తెలుసు. ఒకే ఇల్లు, ఒకే బోరు. అన్నకు ఎముకల్లోకి పోయింది, తమ్మునికి పండ్ల దగ్గర ఆగింది. మిలిటరీ భర్తీ ర్యాలీకి పోతానని తమ్ముడు అన్నప్పుడు వాళ్ల నాయిన ఒప్పుకోలేదు. అన్నే ఒప్పించాడు. చెరువులో నీళ్లు లేవు కాబట్టి కట్ట మీద జనం లేరు, పరుగుకు మంచి జాగా. తెల్లవారుజామున నాలుగున్నరకు వీడు పరుగెత్తేవాడు, అన్న కట్ట చివర రాయి మీద కూర్చొని హెచ్‌ఎంటీ గడియారం పట్టేవాడు. 1,600 మీటర్లు. గడియారంలో సెకన్ల ముల్లు ఒక్కోసారి ఆగేది. అప్పుడు ఇద్దరికీ కొట్లాట. "ఆగింది గడియారం కాదు, నువ్వు" అని అన్న.

ర్యాలీలో తొమ్మిది అడుగుల గుంత దూకాలి. గుంత కొలిచి ఇమ్మని నా దగ్గరికి వచ్చాడు. నేను బళ్లో ఉన్న టేపు తీసుకెళ్లి వాళ్ల చెల్క గట్టు దగ్గర తొమ్మిది అడుగులు కొలిచి ముగ్గు పోశాను. రెండు రోజుల్లో తవ్వేశారు. మూడో రోజు వాళ్ల బర్రె అందులో పడింది. (నవ్వులు) నాయిన నా ఇంటికొచ్చి అరిచాడు. "సదువు చెప్పమంటె గుంతలు తవ్విస్తవా సారూ?" నాకు ఆ మాట ఇప్పటికీ సబబుగానే తోస్తుంది.

చింతకొమ్మకు వేలాడి పది పుల్-అప్స్ కొట్టేవాడు. పరుగు గురించి వానికి భయం లేదు. భయమంతా మెడికల్ గురించి. మడమలు కలిపి నిలబడితే మోకాళ్లు తాకొద్దు, తాకితే ఇంటికే. మన దగ్గర ఎంతమంది పిల్లలు అక్కడి నుంచే తిరిగొచ్చారో. తర్వాత పండ్లు. పండ్లకు పాయింట్లుంటాయి, కనీసం 14 రావాలి. ఎవరో ఈ మాట చెప్పారు, అంతే, నెల రోజులు బొగ్గుపొడి, ఉప్పు కలిపి తోమాడు. చిగుళ్లు నెత్తురు కారేదాకా తోమాడు. గార పోలేదు. తీరా అక్కడ డాక్టరు నోట్లో టార్చి వేసి పండ్లు లెక్కపెట్టి, టిక్కు పెట్టి, నెక్స్ట్ అన్నాడట. వాళ్లు లెక్క చూస్తారు, రంగు చూడరు. వాడు తిరిగొచ్చి నాకు ఈ సంగతి చెబుతూ చెయ్యి అడ్డం పెట్టుకోకుండా నవ్వాడు. నేను చూసినంతలో అదే మొదటిసారి.

ఆర్టిలరీలో తీసుకున్నారు. అంటే ఫిరంగి దళం. ట్రైనింగ్ ఎక్కడో అనుకుంటే మన గోల్కొండలోనే. ఆర్టిలరీ సెంటర్ అక్కడుంది. అమ్మ సకినాలు, మలీద ముద్దలు కట్టుకొని బస్సెక్కి పోయింది. ఆమె అంతకు ముందు చౌటుప్పల్ దాటలేదు. కొడుకు బయటికొచ్చి కలిసింది అరగంట. ఆ అరగంట సగం జుట్టు సంగతే. "ఇంత గొరిగిండ్రేంది బిడ్డా."

ట్రైనింగ్ అయ్యాక పోస్టింగ్. అప్పటి నుంచి మొదలైంది నా ఉద్యోగం. ఉత్తరాలు చదివి వినిపించడం, జవాబు రాయడం.

ఇప్పటి పిల్లలకు ఇది తెలియదు. సైన్యంలో ఉన్నవాళ్లకు ఉత్తరం రాస్తే ఊరి పేరు రాయం. నంబరు, ర్యాంకు, పేరు, యూనిటు, కింద '56 ఏపీఓ' అని రాస్తాం. ఏపీఓ అంటే ఆర్మీ పోస్టాఫీసు. తూర్పు దిక్కున ఉంటే 99 ఏపీఓ. యూనిటు రాజస్థాన్‌లో ఉన్నా 56 ఏపీఓనే, కశ్మీరులో ఉన్నా 56 ఏపీఓనే. సైన్యం తపాలావాళ్లు ఢిల్లీలో వేరుచేసి పంపుతారు. శత్రువుకు ఆచూకీ తెలియకూడదని ఆ ఏర్పాటు. శత్రువు సంగతేమో గానీ తల్లికి తెలియలేదు. ఆమె 56 ఏపీఓ అంటే ఒక ఊరనుకుంది. "ఆడ వానలు పడ్డయా సారూ, అడుగు" అనేది. నేను రాసేవాణ్ణి, "అమ్మ మీ దగ్గర వానలు పడ్డాయా అని అడుగుతోంది" అని. వాడు అది ఊరు కాదని ఎన్నడూ సరిచేయలేదు. "56 ఏపీఓలో వానలు బాగా పడ్డాయి, మన దగ్గర ఎట్లుంది" అని రాసేవాడు.

1999 సంక్రాంతికి వచ్చాడు. ఫిరంగి గుండు ఎంత బరువుంటది అని పిల్లలు అడిగితే, 40 కిలోల పైమాట అన్నాడు. "యూరియా బస్తా లేపినట్టే, కాకపోతే బస్తాకు చెవులుంటయి, దీనికుండయి" అన్నాడు. అదే చివరిసారి రావడం.

మే నెలలో కార్గిల్ మొదలైంది. శ్రీనగర్ నుంచి లేహ్ పోయే రోడ్డుకు పైన ఉన్న కొండల్ని పాకిస్తాన్‌వాళ్లు ఆక్రమించారు. అక్కడ కూర్చుంటే కింద పోయే ప్రతి లారీ కనపడుతుంది. మనవాళ్లు కింద నుంచి ఎక్కాలి, పైనున్నవాడు రాళ్లు దొర్లించినా చాలు. తోలోలింగ్ జూన్ 13న మన చేతికొచ్చింది, టైగర్ హిల్ జూలై 4న. ఎక్కేది పదాతిదళం, కానీ వాళ్లు ఎక్కేదాకా పైనున్నవాడు తల ఎత్తకుండా చేసేది ఫిరంగులు. ఆ యుద్ధంలో మన ఫిరంగి దళం రెండున్నర లక్షల గుండ్లు, రాకెట్లు కాల్చింది. బోఫోర్స్ అంటే అంతకు పదేళ్ల ముందు మనకు తెలిసింది లంచాల గొడవగానే. అమ్మ దగ్గర మాత్రం అది కొడుకు పనిచేసే మిషను.

ఊళ్లో రంగుల టీవీ పంచాయతీ ఆఫీసులో ఒక్కటే ఉండేది. జూన్ 8న మాంచెస్టర్‌లో ఇండియా, పాకిస్తాన్ వరల్డ్ కప్ మ్యాచ్. అక్కడ మనం 47 పరుగులతో గెలిచాం, ఇక్కడ పటాకులు కాల్చారు. నేనూ ఎగిరాను. అమ్మ వెనక గోడకు ఆనుకొని కూర్చుంది. మ్యాచ్ అయిపోతే వార్తలు వస్తాయని ఆమె ఆశ. వార్తల్లో కొండలు చూపిస్తారు, ఆ కొండల మీద హెల్మెట్లు పెట్టుకొని పోయేవాళ్లలో కొడుకును వెతుక్కుంటుంది. ఆ రోజు మ్యాచ్ అయ్యాక మనవాళ్లు టీవీ కట్టేసి ఊరేగింపు తీశారు. ఇది ఎవరినీ తప్పుపట్టడానికి చెప్పడం లేదు. కట్టేసిన చెయ్యి నాదే.

జూలై మొదటి వారంలో ద్రాస్ దగ్గర వాళ్ల ఫిరంగుల జాగా మీద అవతలి నుంచి షెల్లు పడింది. వాడు, ఇంకొకతను. నాకు తెలిసింది ఇంతే, దీన్ని పెంచి చెప్పను.

టెలిగ్రాం వచ్చింది. చదవడానికి నన్నే పిలిచారు. ఆ రోజు సంగతి దాటేస్తాను.

మీలో పెద్దవాళ్లు ఆ ఊరేగింపు చూశారు. చౌటుప్పల్ దగ్గర హైవే దిగినప్పటి నుంచి రోడ్డు పక్కన జనం. పత్తి గింజలు పెట్టే రోజులు, చేతుల మట్టితోనే వచ్చి నిలబడ్డారు. 62లో, 65లో, 71లో పోయినవాళ్లలో ఎక్కువమందికి దహనమో ఖననమో అక్కడే జరిగిపోయింది. ఇంటికి కాగితం వచ్చేది, ట్రంకు పెట్టె వచ్చేది. ఇట్లా పెట్టెల్లో అందరినీ ఇళ్లకు పంపింది కార్గిల్‌లోనే. 527 మంది. దేశంలో 527 ఇళ్ల ముందు ఆ బండి ఆగింది. యుద్ధం అంటే ఏందో ఊళ్లకు తెలిసింది అప్పుడే.

తుపాకులు గాల్లోకి పేల్చి వందనం చేశారు కదా. పేల్చిన తర్వాత ఖాళీ గుండ్ల తొడుగులు కింద పడతాయి. వాటికి లెక్కుంటుంది, అన్నీ తిరిగి అప్పజెప్పాలి. వచ్చిన హవల్దారు ఏరించి లెక్కపెడితే ఒకటి తక్కువ. గడ్డిలో వెతికారు, దొరకలేదు. ఆయనకు హిందీ తప్ప రాదు, ముఖంలో విసుగూ లేదు. తుపాకి నేలకానించి ఊరికే నిలబడ్డాడు. చివరికి ఒక మూడో తరగతి పిల్లగాడు లాగు జేబులోంచి తీసి ఇచ్చాడు. హవల్దారు తీసుకొని, వాని చెంప మీద రెండుసార్లు తట్టి, బండెక్కాడు. ఆ పిల్లగాడు ఇప్పుడు మన ఊరి ఆటో నడుపుతున్నాడు. నవ్వుతున్నాడు చూడండి. ఒక్కటి ఉంచుకోనిస్తే ఏం పోయేది అని ఇప్పటికీ నాతో అంటాడు.

పెట్టె మీద కప్పిన జెండాను కాల్చకూడదు, పూడ్చకూడదు. మడిచి తల్లి చేతికిస్తారు. అది ఇప్పటికీ ఆమె ట్రంకులో, డాంబరు గోళీల మధ్య ఉంది. దసరాకు ఒకసారి తీసి నీడకు ఆరేసి మళ్లీ పెడుతుంది.

రావలసినవి కొన్ని వచ్చాయి. కొన్నింటికి ఏళ్లు తిరిగాం. ఒక ఆఫీసులో, పేరు చెప్పను, దరఖాస్తు మీద 'కొడుకు సంతకం' అనే గడి ఖాళీగా ఉందని వెనక్కిచ్చారు. దాని గురించి ఇంతకంటే మాట్లాడితే ఈ మైకు పాడవుతుంది.

ఇప్పుడు నా పాఠంలోకి వస్తా. సాంఘికం సారును, చరిత్ర చెప్పకుండా వదలను.

మన చెరువు తూము దగ్గర ఒక రాయి ఉంది. మీరు వీరన్న అంటారు. బోనాలకు పసుపు పూస్తారు, కల్లు సాక పోస్తారు. అది వీరగల్లు. పాతకాలంలో ఊరి కోసమో, పశువుల మంద కోసమో, రాజు కోసమో కొట్లాడి చచ్చిపోయినవానికి వేసే రాయి. సాధారణంగా మూడు అంతస్తులుంటాయి. అడుగున వాడు కొట్లాడుతుంటాడు. మధ్యలో అప్సరసలు చెరో చెయ్యి పట్టుకొని పైకి తీసుకుపోతుంటారు. పైన శివలింగం ముందు చేతులు జోడించి కూర్చుంటాడు. నెత్తిన సూర్యచంద్రులు. మన రాయి మీద అక్షరం లేదు, పేరు లేదు.

ఒకసారి తొమ్మిదో తరగతిని తీసుకుపోయి ఆ రాయిని కడిగించాను. ఊళ్లో తిట్టారు, అది వేరే సంగతి. పసుపు వేలు మందం పేరుకొని ఉంది. పోయింతర్వాత చూస్తే పై రెండు అంతస్తులు ఎక్కడైనా కనిపించేవే. అడుగు అంతస్తులో మాత్రం వాని కొప్పు ఒక పక్కకు జారి ఉంది, కాలి దగ్గర ఒక కుక్క ఉంది. కుక్క మోర ఎత్తి వాని వంకే చూస్తోంది. శిల్పికి ఎవరో చెప్పి ఉండాలి కదా. వాళ్ల అమ్మో, పెండ్లామో. "ఆయన కొప్పు నిలవదు, వంగుతది. ఆయన యెంట కుక్క తిరుగుతది." మనం పూసిన పసుపు కింద ఇన్ని వందల ఏళ్లు ఆ కుక్క ఉంది, మనకు తెలియదు.

ఆ రోజు రాయి కడిగిన పిల్లల్లో మూడో బెంచివాడూ ఉన్నాడు. కుక్కను ముందు చూసింది వాడే.

మన నల్లగొండకు స్తూపాలు కొత్త కాదు. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగాడు, అప్పుడు కడవెండి మన జిల్లాలోదే. ఆ తెలంగాణ సాయుధ పోరాటంలో పోయినవాళ్లకు ఎర్ర స్తూపాలున్నాయి ఎన్ని ఊళ్లలోనో. వాటి మీద పేర్లున్నాయి, అది మంచిదే. పేరు చదివి, ఈయన ఏం పని చేసేవాడు తాతా అని అడిగితే చెప్పే తాతలు ఒక్కొక్కరే పోతున్నారు. ఢిల్లీలో తీన్‌మూర్తి చౌరస్తాలో మూడు కంచు విగ్రహాలుంటాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో పాలస్తీనా దిక్కు కొట్లాడిన సంస్థానాల అశ్వదళాల గుర్తు. జోధ్‌పూర్, మైసూరు, మూడోది మన హైదరాబాద్. ఆ రోడ్డు మీద రోజూ వేలమంది పోతారు. వాళ్ల దృష్టిలో అది బస్ స్టాపు పేరు.

సూర్యాపేట కర్నల్ సంతోష్ బాబు గురించి కూడా చెప్పమన్నారు నిర్వాహకులు. నేను ఆయన్ను ఎరగను. ఎరగనివాళ్ల గురించి ఎక్కువ మాట్లాడితే మళ్లీ మీసాలు పెట్టినట్టే అవుతుంది. తెలిసింది చెబుతా. 16 బీహార్ రెజిమెంట్‌కు కమాండింగ్ ఆఫీసరు. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో చైనావాళ్లతో జరిగిన కొట్లాటలో చనిపోయాడు. తుపాకీ పేలలేదు, రాళ్లతో, ఇనుప రాడ్లతో జరిగిన కొట్లాట అది. మనవాళ్లు 20 మంది. 17న హకీంపేటకు తెచ్చారు, 18న సూర్యాపేట దగ్గర కాసారంలో అంత్యక్రియలు. తర్వాత మహావీర చక్ర ఇచ్చారు. కరోనా రోజులు కాబట్టి నేను టీవీలోనే చూశాను. అమ్మ ఇంట్లో, ఆమెతో కలిసి. ఆమె అంతసేపూ ఒక్క మాట కూడా అనలేదు. పెట్టె దించుతుంటే మాత్రం, "ఆ తల్లిని కూసోబెట్టుండ్రి, నిలవెట్టకుండ్రి" అంది. టీవీ వాళ్లకు చెప్పినట్టు గట్టిగా అంది.

ఆ 20 మందిలో పళని అని ఒక హవల్దారు, తమిళనాడు రామనాథపురం జిల్లా. ఆయనా ఫిరంగి దళమే. వీరచక్ర వచ్చింది. మిగతావాళ్ల పేర్లు అడిగితే నేనూ కాగితం చూడాల్సిందే.

పదేళ్ల కిందట అమ్మను, అన్నను తీసుకొని ద్రాస్ పోయాం. తోలోలింగ్ కొండ కిందనే స్మారకం. పేర్లు చెక్కిన గోడ ఉంది. అమ్మకు చదువు రాదు కాబట్టి ఆమె వేలు పట్టుకొని పేరు మీద పెట్టాను. ఆమె వేలితో అక్షరాలు రుద్దింది, పసుపు పూసినట్టు. తర్వాత కొండల దిక్కు చూసి ఆమె అడిగింది, "56 ఏపీఓ ఇదేనా సారూ?"

అవునన్నాను. నేను ఆమెకు చెప్పిన అబద్ధాల్లో అది రెండోది.

మొదటిది చెప్పి ముగిస్తా. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అమ్మ ఎదుటనే చెబుతున్నా, ఆమె ఏమన్నా అననీ.

జూన్ నెలాఖరులో ఆమె చెప్తే నేనొక ఉత్తరం రాశాను. యుద్ధం గురించి ఒక్క మాట లేదు. వాడు పంపిన మనియార్డర్ డబ్బుతో కొన్న బర్రె ఒట్టిపోయింది, బేరం వచ్చింది, అమ్మాలా వద్దా? అదీ ఉత్తరం. ఆగస్టులో వాని సామాన్లు వచ్చాయి. బట్టలు, దువ్వెన, ఒక హనుమంతుని బొమ్మ, తాళంచెవి ఒకటి, మా ఉత్తరం. ఉత్తరం విప్పి ఉంది. ఆమె చూసి అడిగింది, "సదివిండా?" సామాన్లు సర్దినవాళ్లు విప్పి ఉండొచ్చు. వాడు పోయాకే చేరి ఉండొచ్చు. పోస్టు ముద్ర తేదీ అలుక్కుపోయింది. నేను "చదివిండు" అన్నాను. "మరి ఏం జెప్పిండు?" జవాబు రాసే టైం దొరకలేదేమో అన్నాను.

ఆమె ఆ బర్రెను అమ్మలేదు. కొడుకు ఏమీ చెప్పలేదు కదా, ఎట్ల అమ్ముతా అంది. పదకొండేళ్లు మేపింది. చచ్చిపోతే గుంత తవ్వి పూడ్చారు. వాడు దూకడం నేర్చుకున్న గుంత ఉంది చూడండి, అక్కడే.

(కాసేపు ఆగారు.)

సరే. రెండు నెలల నుంచి నేనొక 200 పేజీల నోటుబుక్కు పట్టుకొని తిరుగుతున్నా. వాని గురించి ఎవరికి ఏది తెలిస్తే అది రాయమని. గొప్ప మాటలు వద్దన్నాను. కొన్ని చదువుతా.

అన్న రాసింది: "మొదటి రోజు 7 నిమిషాల 10 సెకన్లు. ర్యాలీ ముందు రోజు 5 నిమిషాల 25. గడియారం ఆగిన రోజులు లెక్కలో లేవు."

టైలరు రాసింది: "పదో తరగతిల ప్యాంటు రెండించులు పొడుగు కుట్టమన్నడు. ఇంక పెరుగుత, మిలిటరీకి ఎత్తు కావాలె అన్నడు. కింద మడిచి కుట్టిన. ఆ మడత ఇప్పలేదు."

క్లాసు దోస్తు ఒకాయన: "నా సైకిల్ బెల్లు ఒక్కరోజుకని తీసుకపోయిండు. తిరిగి ఇయ్యలేదు. ఇప్పుడు అడగను."

కిరాణం సేటు: "బాకీ 14 రూపాయలు. కొట్టేసిన."

ఇట్లా పదకొండు వచ్చాయి. పుస్తకం ఇవాళ్టి నుంచి లైబ్రరీ గదిలో, కిటికీ పక్క బల్ల మీద ఉంటుంది. పెన్నుకు దారం కట్టాను, ఎవరూ ఎత్తుకుపోకుండా. రాయడం రానివాళ్లు చెబితే ఎనిమిదో తరగతి పిల్లలు రాస్తారు. మీ మాట మీరు చెప్పినట్టే రాయాలి పిల్లలూ, దిద్దొద్దు. అమ్మ కోసం మొదటి నాలుగు పేజీలు ఖాళీగా ఉంచాను.

ఇక విగ్రహం. రేపు పొద్దున్నే శిల్పికి ఫోన్ చేస్తా. మీసాలు గీకి మళ్లీ రంగు వేస్తే ఎంతవుతుందో కనుక్కుంటా, ఆ ఖర్చు నాది. మూతి కూడా సరిచేయించాలంటే అతనికి వేరే ఫొటో కావాలి. ఇందాక అమ్మ చెప్పింది, 1999 సంక్రాంతి సెలవుల్లో ఒక దోస్తు నిశ్చితార్థంలో వాడు పండ్లన్నీ కనపడేటట్టు నవ్విన ఫొటో ఒకటి ఉందట. ఆ దోస్తు అదిగో, కుళాయి దగ్గర నిలబడ్డాడు. బిడ్డా, ఇంటికి పోయి ఆ ఆల్బం వెతుకు. చెదలు పట్టినా సరే, పట్టుకొనిరా.